సున్నపురాయి - ఊరి పద్దు

శివరాత్రి జాతరకు మేళ్లచెరువు వెళ్లిన శ్రోతలు అచ్చటి సిమెంటు కర్మాగారముల గొట్టములను చూచియే యుందురు. భూమిని వేడెక్కించు బొగ్గుపులుసు వాయువు అంతయు కొలిమిలోని బొగ్గు వలననే పుట్టుచున్నదని మనము తలంతుము. కాని సగమునకు మించి రాతినుండియే వచ్చును. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాల్చినచో 44 కిలోలు ఆ వాయువై గాలిలో కలియును. 56 కిలోలే సున్నముగా మిగులును. బొగ్గు మానినను ఇది మానదు. అందుచే థర్మల్ కేంద్రముల బూడిదను 35 శాతము వరకు కలిపిన పోజొలానా సిమెంటు మేలు. కొందరు మేస్త్రీలకు ఇది రుచింపదు. ఎక్కువ దినములు తడుపవలెను గదా!

ఇక ఊరి మాట. రాయి తరుగునే గాని పెరుగదు. 2015లో గనుల చట్టమును సవరించి జిల్లా ఖనిజ నిధుల నేర్పరచిరి. అంతకుముందే గనులు పొందినవారు రాయల్టీపై 30 శాతము, తరువాత వేలములో పొందినవారు 10 శాతము అదనముగా ఈ నిధికి చెల్లింపవలెను. గనుల వలన బాధపడు గ్రామముల మంచినీటికి, ఆరోగ్యమునకు, పరిసరముల రక్షణకు ఆ సొమ్మును ముందుగా వెచ్చింపవలెను. చెరువు పూడిక తీయుటయా, బడికి సౌరవిద్యుత్తా అని గ్రామసభలో తేల్చుకొని, తీర్మానమును కలెక్టరుగారికి పంపుట మంచిదని మా అభిప్రాయము. నిధికి అధ్యక్షులు వారే.