వీడియో ఆట – వెల, విలువ

బుద్ధికి పదును పెట్టే ఆటలు మనవారికి కొత్తవి కావు. రథ, గజ, తురగ, పదాతులనే చతురంగ బలాలను ఒక పలక మీద నిలిపి ఆడే చదరంగానికి మూలం ఈ దేశంలోనే ఉంది. మూడు పులులను పదిహేను మేకలు కదలనీయకుండా కట్టివేసే పులిజూదపు గీతలు నేటికీ కొన్ని పల్లెల్లో రచ్చబండల మీద, గుడి అరుగుల మీద కనిపిస్తాయి. అదే విధంగా మాంత్రికులు, రాక్షసులు, మహిమగల ఖడ్గాలు, ఎగిరే గుర్రాలతో నిండిన కల్పనా ప్రపంచం కూడా మనకు పరిచితమే. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలు చదివినవారికి, 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రం చూసినవారికి దాని ఆకర్షణ ఎంతటిదో తెలుసు. వ్యూహాన్నీ, అద్భుత కల్పననూ ఒకచోట చేర్చి కంప్యూటర్ తెర మీదికి తెచ్చిన ఆటలనే ఫాంటసీ స్ట్రాటజీ ఆటలంటారు.

చదరంగపు పలక ఒకసారి కొంటే ఇంటిల్లిపాదికీ తరతరాలు వస్తుంది. వీడియో ఆట సంగతి అలా కాదు. దాని వెల కొన్ని సందర్భాలలో ఒక విద్యార్థి ఏడాది పాఠ్యపుస్తకాలకు పెట్టే ఖర్చును మించిపోతుంది. కొనేముందు చేతితో పట్టి చూడడానికి వీలులేదు. అంగడిలో మామిడిపండును వాసన చూసి కొంటాం, బట్టను నలిపి చూసి కొంటాం. ఆటను మాత్రం అమ్మేవాడు చూపించిన బొమ్మలను చూసి కొనవలసి వస్తుంది. ఆ ప్రకటన చిత్రాలలో నిప్పులు కక్కే మహాసర్పాలు, కూలిపోయే కోటలు, గుండె అదరగొట్టే సంగీతం ఉంటాయి. అసలు ఆటలో అరగంటసేపు చెట్లు కొట్టించి, గనులు వెదికే పని ఉంటుందని అవి చెప్పవు. దూరపు కొండలు నునుపు అన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. కనుక ఇటువంటి ఆటను కొనవచ్చునా, కూడదా అని తేల్చుకోవడానికి ముందుగా దాని లోపలి యంత్రాంగం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. ఇందుకు అనువైన ఉదాహరణ ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్’ పరంపరలోని మూడవ ఆట.

జాన్ వాన్ కానెగమ్ అనే అమెరికా రూపకర్త నెలకొల్పిన న్యూ వరల్డ్ కంప్యూటింగ్ సంస్థ 1990లో ‘కింగ్స్ బౌంటీ’ అనే చిన్న ఆటను తయారుచేసింది. ఆ బీజం నుండి మొలకెత్తినదే హీరోస్ పరంపర. మొదటి ఆట 1995లో, రెండవది 1996లో, మూడవది 1999లో వెలువడ్డాయి. మూడవ ఆట వచ్చి పాతికేళ్లు దాటినా దానిని నేటికీ కొనేవారు, ఆడేవారు ఉన్నారు. అంత దీర్ఘకాలం నిలిచిన వస్తువును పరిశీలిస్తే విలువ ఎక్కడ దాగి ఉంటుందో తెలుస్తుంది.

ఈ ఆటలో ఆటగాడు ఒక రాజ్యానికి అధిపతి. అతనికి ఒక పట్టణం, ఒక వీరుడు ఉంటారు. వీరుడు గుర్రమెక్కి దేశమంతా తిరుగుతూ కలప, ముడిఖనిజం, పాదరసం, గంధకం, స్ఫటికం, రత్నాలు, బంగారం అనే ఏడు వనరులను సంపాదిస్తాడు. పట్టణంలో భవనాలు కట్టి సైనికులను చేర్చుకోవాలి. ఆట వంతులవారీగా సాగుతుంది. అంటే ఒకరు తమ వంతు ముగించిన తరువాతనే మరొకరు కదులుతారు. ఒక వంతు ఒక రోజుతో సమానం. ఒక పట్టణంలో రోజుకు ఒక్క భవనాన్ని మాత్రమే కట్టవచ్చు. ఏడు రోజులు గడిచి కొత్త వారం మొదలైనప్పుడు పట్టణంలో కొత్త సైనికులు లభిస్తారు. చూడడానికి ఇవి అతి సామాన్యమైన నియమాలు. ఆట ప్రాణమంతా ఈ నియమాలలోనే ఉంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఆరంభంలో పట్టణ సభాభవనం రోజుకు 500 బంగారు నాణేల ఆదాయం ఇస్తుంది. 2,500 నాణేలు వెచ్చించి దానిని పెంచితే ఆదాయం 1,000 అవుతుంది. మరో 5,000 వెచ్చిస్తే 2,000 అవుతుంది. ఆపైన 10,000 పెట్టి రాజధాని భవనం కడితే రోజుకు 4,000 వస్తాయి. ప్రతి మెట్టులోనూ పెట్టిన సొమ్ము అయిదు రోజులలో తిరిగి చేతికి వస్తుందని లెక్క వేసినవారు గ్రహిస్తారు. అలాగైతే ముందుగా అన్ని మెట్లూ ఎక్కేయవచ్చు కదా అనిపిస్తుంది. కాని ఆ అయిదు రోజులలో సైనికులను కొనడానికి చేతిలో ధనం ఉండదు. ఈలోగా పక్క రాజ్యపు వీరుడు మీ గంధకపు గనిని ఆక్రమించుకోవచ్చు, లేదా కోట గుమ్మం ముందే నిలబడవచ్చు. పోనీ అని ధనమంతా సైన్యానికి పోస్తే, మూడవ వారానికి శత్రువు ఆదాయం మీకు రెట్టింపు అవుతుంది. రెండవ వీరుని నియమించుకోవడానికి 2,500 నాణేలు కావాలి. సరిగ్గా మొదటి మెట్టు ఎక్కడానికి అయ్యే ఖర్చు అది. దేశం నలుమూలలా వనరులు ఏరుకురావడానికి ఇంకొక మనిషి కావాలా, రేపటి ఆదాయం కావాలా? దీనికి అన్ని వేళలా చెల్లే సమాధానం లేదు. నేల స్వరూపాన్ని బట్టి, శత్రువు ఎంత దూరాన ఉన్నాడన్న అంచనాను బట్టి సమాధానం మారుతుంది.

నా అభిప్రాయంలో మంచి వ్యూహక్రీడకు ఇదే గీటురాయి. ప్రతి వంతులోనూ రెండు మంచి మార్గాలు కనిపించి, వాటిలో ఒకదానిని వదులుకోక తప్పని పరిస్థితి కల్పించే ఆటలో సత్తువ ఉంటుంది. ఒకే మార్గం ఎప్పుడూ గెలిపిస్తుంటే, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా వారం తిరగకుండా విసుగు పుడుతుంది. మూడవ హీరోస్ ఆట తొలి రూపంలో ఎనిమిది రకాల పట్టణాలు ఉన్నాయి. ప్రతి పట్టణానికీ ఏడు అంతస్తుల సైనికులు, ప్రతి అంతస్తుకూ ఒక మెరుగైన రూపం ఉంటాయి. దేవదూతలను ఏలే పట్టణం ఆడే తీరు వేరు, చచ్చినవారిని అస్థిపంజరాలుగా లేపి సైన్యంలో చేర్చుకొనే పట్టణం ఆడే తీరు వేరు. ఇక్కడ సంఖ్య ముఖ్యం కాదు, తేడా ముఖ్యం. ఇరవై జాతులున్నాయని చాటుకొనే ఆటలో ఆ ఇరవై జాతులూ రంగు మార్చిన ఒకే జాతి అయితే కొన్నవానికి దక్కింది ఒక్క జాతే.

యుద్ధరంగం షట్కోణపు గళ్లతో ఉంటుంది. వేగం ఎక్కువ గల దళం ముందుగా కదులుతుంది. దెబ్బతిన్న దళం సాధారణంగా ఒక సుత్తుకు ఒక్కసారే ఎదురుదెబ్బ కొడుతుంది. కనుక అల్పబలం గల చిన్న దళాన్ని ముందుగా పంపి, శత్రువు ఎదురుదెబ్బను దాని మీద ఖర్చు చేయించి, ఆ తరువాత ప్రధాన దళంతో కొట్టడం అనుభవజ్ఞుల పద్ధతి. పులిజూదంలో మేకను ఎరవేసే ఉపాయం తెలిసినవారికి దీనిని వివరించనక్కరలేదు.

పేరును చూసి కొనడం కూడా క్షేమం కాదు. ఇదే పరంపరలో 2002లో వచ్చిన నాలుగవ ఆటలో వీరుడు స్వయంగా యుద్ధరంగంలోకి దిగి దెబ్బలు తింటాడు, చనిపోతాడు కూడా. ఆ మార్పు కొందరికి నచ్చింది, మూడవ ఆటను అభిమానించిన అనేకులకు నచ్చలేదు. 2003లో మాతృసంస్థ త్రీడీఓ దివాలా తీయగా, హీరోస్ హక్కులను ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్ కొనుక్కొంది. అయిదవ ఆటను 2006లో రష్యాకు చెందిన నివాల్ సంస్థ రూపొందించింది. పెట్టె మీద పేరు ఒకటే, లోపల పనిచేసిన చేతులు వేరు.

ఏ రూపాన్ని కొంటున్నామన్నది అంతకంటె సూక్ష్మమైన విషయం. మూడవ ఆటకు 1999లో ఒకటి, 2000లో మరొకటి విస్తరణ భాగాలు వచ్చాయి. తొమ్మిదవ పట్టణం, ప్రతిసారీ కొత్త దేశపటాన్ని తానే సృష్టించే సదుపాయం వాటితోనే వచ్చాయి. 2015లో యూబీసాఫ్ట్ బొమ్మలకు మెరుగుపెట్టి విడుదల చేసిన రూపంలో ఈ విస్తరణ భాగాలు లేవు. వాటి మూలసంకేతాలు పనికివచ్చే స్థితిలో దొరకకపోవడమే కారణం. అంటే, కొత్తగా మెరిసే రూపంలో ఆట తక్కువ, పాతగా కనిపించే సంపూర్ణ రూపంలో ఆట ఎక్కువ! అంతేకాదు, అభిమానులు తీరిక వేళలలో తయారుచేసి 2011 నుండి ఉచితంగా అందిస్తున్న ‘హార్న్ ఆఫ్ ది అబిస్’ అనే విస్తరణ, నౌకాదొంగల పట్టణంతో సహా, పాత రూపం మీదనే పనిచేస్తుంది. 2015 నాటి రూపం మీద పనిచేయదు. ఈ సంగతి తెలియక తళుకు చూసి కొన్నవాడు డబ్బు ఇచ్చి తక్కువ సరుకు తెచ్చుకొన్నట్టే. మన ఊళ్లలో పాత కంప్యూటర్లు ఉన్నవారికి పాత రూపం మరో మేలు కూడా చేస్తుంది. అది ఖరీదైన యంత్రాన్ని కోరదు.

కొన్న తరువాత ఆట మనదేనా? ఈ ప్రశ్న విచిత్రంగా తోచవచ్చు. 2014లో వచ్చిన ‘మైట్ అండ్ మ్యాజిక్ 10’ అనే ఆటను ఒంటరిగా ఆడుకోవచ్చు. అయినా 2021 జూన్‌లో దాని సర్వర్లను నిలిపివేసినప్పుడు, కొన్నవారు మొదటి అంకం దాటి ముందుకు పోలేకపోయారు. నిరసనలు వచ్చిన పిమ్మట సంస్థ ఆ లోపాన్ని సవరించింది. 2024లో ‘ది క్రూ’ అనే కార్ల పందెపు ఆట సర్వర్లు మూతపడగా, డబ్బు చెల్లించినవారికి సైతం ఆ ఆట తెరుచుకోలేదు. అదే సంవత్సరం కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఇస్తున్నది వాడుకొనే అనుమతి మాత్రమే అయినప్పుడు ఆ సంగతి స్పష్టంగా తెలుపకుండా ‘కొనండి’ అన్న మాట వాడరాదని దాని సారాంశం. కనుక ఒంటరిగా ఆడదగిన ఆటకు సైతం నిరంతరం ఇంటర్‌నెట్ కావాలని షరతు ఉంటే, ఆ ఆట విలువలో కొంత కోత పెట్టుకోవడం న్యాయం. కరెంటు, ఇంటర్‌నెట్ ఎప్పుడు పోతాయో తెలియని చోట ఆ కోత ఇంకా పెద్దది కావాలి.

నచ్చకపోతే తిరిగి ఇచ్చే అవకాశం కొన్ని అంగళ్లలో ఉంది. స్టీమ్ అనే పెద్ద అంగడి 2015 జూన్ నుండి ఒక నియమం పాటిస్తున్నది. కొన్న పద్నాలుగు రోజులలోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే సొమ్ము వాపసు అడగవచ్చు. పరుగుపందెపు ఆటకు రెండు గంటలు చాలు. వ్యూహక్రీడకు మాత్రం అది చాలీచాలని గడువు. నియమాలు అర్థం చేసుకొనేసరికే గంట గడుస్తుంది. అందువల్ల ఆ రెండు గంటలను కథ చూడడానికి వెచ్చించడం కంటె, నేరుగా ఒక చిన్న పటాన్ని ఎంచుకొని, కంప్యూటరు ప్రత్యర్థి తెలివిగా ఆడుతున్నదా లేక సంఖ్యాబలంతో నెట్టుకొస్తున్నదా అని గమనించడం మంచిది. ఈ తరహా ఆటలలో తరచుగా కనిపించే లోపం అదే. కఠినస్థాయి పెంచినప్పుడు ప్రత్యర్థికి బుద్ధి పెరగదు, ఉచితంగా వనరులు మాత్రం పెరుగుతాయి.

ఇక కాలం. ‘ఈ ఆటలో రెండు వందల గంటల వినోదం ఉంది’ అని ప్రకటనలలో గొప్పగా రాస్తారు. దానిని లాభంగా చెప్పడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది. పరీక్షలు ముంచుకొస్తున్న ఇంటర్మీడియట్ విద్యార్థికి రెండు వందల గంటలు ఆట వెలలో ఒక భాగం. ఇంకొక్క రోజు ఆడితే కొత్త వారం మొదలవుతుంది, కొత్త సైనికులు వస్తారు అన్న ఆశ ఆటగాడిని కుర్చీలోంచి లేవనివ్వదు. ఇది ఆటలో లోపం కాదు, అల్లికలోని నేర్పు. అయితే వంతులవారీ ఆటలో ఒక సౌలభ్యం ఉంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి, భద్రపరచి, నెల తరువాత తిరిగి అందుకోవచ్చు. ఆగకుండా సాగే ఆటలలో, ముఖ్యంగా ఇతరులతో పోటీపడే వాటిలో, ఆ వీలు తక్కువ. రోజుకు అరగంట మాత్రమే తీరిక గలవారికి ఈ తేడా చాలా పెద్దది.

ఇదంతా విచారించిన తరువాత కూడా వెల భారంగా తోస్తే తొందరపడనక్కరలేదు. ఇటువంటి ఆటల వెల కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. పండుగలకూ సెలవులకూ ప్రకటించే తగ్గింపులలో పాత ఆటలు మరీ చౌకగా లభిస్తాయి. పైగా మూడవ హీరోస్ ఆటలో ఒకే కంప్యూటర్ ముందు పలువురు వంతులవారీగా కూర్చుని ఆడే పద్ధతి ఉంది. ఒకరి వంతు నడుస్తుండగా మిగిలినవారు ముఖం పక్కకు తిప్పుకోవాలి, లేకుంటే వ్యూహం బయటపడుతుంది. నలుగురు మిత్రులు కలిసి ఒక ప్రతి కొని, ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంట్లో చేరి ఆడుకొంటే, తలా ఒక వాటా వేసుకొన్న ఖర్చు ఒక సినిమా టిక్కెట్టు కంటె తక్కువే కావచ్చు.