మింజూరు ఇంటికి ఏ నెయిల్ గన్?

చెన్నై నుంచి ఉత్తరంగా గుమ్మిడిపూండి దాకా సాగే సబర్బన్ రైలు మార్గంలో, పొన్నేరికి ముందు వచ్చే మింజూరులో, తిరువళ్లూరు జిల్లాలోని మిగతా ఊళ్లలో లాగానే, ఇల్లంటే ఇటుక గోడలు, సిమెంటు పూత, కాంక్రీటు కప్పు. కలప కనిపించేది ద్వారబంధాల్లో, తలుపుల్లో, గోడ అల్మారాల్లో, వంటింటి కప్‌బోర్డుల్లో, వాటి అంచులకు కొట్టే బీడింగులో మాత్రమే. నెయిల్ గన్ ఎంపిక గురించి అమెరికాలో వెలువడే సలహాలు ఇందుకు భిన్నమైన ఇంటిని దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. అక్కడ ఇంటి అస్థిపంజరమే కలప దూలాలతో లేస్తుంది కనుక మూడు, మూడున్నర అంగుళాల మేకులను దిగగొట్టే ఫ్రేమింగ్ నెయిలర్‌కు పెద్దపీట వేస్తారు. మింజూరు గృహస్థుకు ఆ భారీ యంత్రంతో పని దాదాపు ఉండదు. దాని ధర, బరువు, ప్రమాదం మూడూ అనవసరంగా మోయవలసినవే.

గాలితో నడిచే నెయిల్ గన్ పనితీరు క్లిష్టమైనదేమీ కాదు. లోపల ఒక సిలిండరు, అందులో పిస్టన్, దానికి బిగించిన సన్నని ఉక్కు పట్టీ ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కగానే పీడనంతో నిండిన గాలి పిస్టన్‌ను ఒక్కసారిగా కిందికి తోయగా, ఆ పట్టీ మేకు తలమీద మోది దానిని క్షణంలో కలపలోకి దింపుతుంది. మేకులు జిగురుతోనో కాగితంతోనో తీగతోనో వరుసగా అతికి మ్యాగజైన్ అనే గొట్టంలో కూర్చుని, ఒకటి పోగానే మరొకటి ముందుకు జరుగుతాయి. 1950లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన మొదటి గాలి నెయిల్ గన్, నేలమీద పరిచే చెక్కలు కొట్టడానికి ఉద్దేశించినది, నిమిషానికి 40 నుంచి 60 మేకులు దించేది. ఇంటిపనిలో మాత్రం వేగం కన్నా విలువైన సౌకర్యం మరొకటుంది: ఒక చేత్తో బీడింగును సరిగ్గా నిలిపి పట్టుకుని, రెండో చేత్తో మేకు కొట్టగలగడం. సుత్తితో ఆ పనికి మూడో చెయ్యి కావలసి వస్తుంది.

ఎంపికలో మొదట తేల్చుకోవలసినది గేజ్, అంటే మేకు తీగ మందాన్ని తెలిపే సంఖ్య. ఈ సంఖ్య పెరిగేకొద్దీ మేకు సన్నబడుతుందన్న సంగతి తెలియక చాలామంది తప్పుగా కొంటారు. 15 గేజ్ మేకు సుమారు 1.8 మిల్లీమీటర్ల మందం, 16 గేజ్ 1.6, 18 గేజ్ 1.2 ఉంటాయి, 23 గేజ్ పిన్ను 0.6 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, దానికి తల కూడా ఉండదు. తలుపు చుట్టూ కొట్టే బరువైన చెక్క పట్టీలకు 15 లేదా 16 గేజ్, బీడింగు, అల్మారా వెనక పలుచని ప్లైవుడ్, సొరుగుల వంటివాటికి 18 గేజ్ బ్రాడ్ మేకు, జిగురు ఆరేదాకా చిన్న అలంకార పట్టీని పట్టి ఉంచడానికి పిన్ను సరిపోతాయి. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో ఎఫ్30 పేరుతో అమ్మే గన్ 10 నుంచి 30 మిల్లీమీటర్ల 18 గేజ్ మేకులకూ, ఎఫ్50 అనేది 50 మిల్లీమీటర్ల వరకూ పనికొస్తాయి. ఒకే గన్ కొనదలిచిన వారికి ఎఫ్50 మేలు.

కారణం పొడవు లెక్కలో ఉంది. పైన ఉంచే చెక్క మందానికి మూడు రెట్ల పొడవున్న మేకు వాడాలన్నది వడ్రంగులు పాటించే మోటు లెక్క. పది మిల్లీమీటర్ల బీడింగుకు ముప్పై మిల్లీమీటర్ల మేకు చక్కగా సరిపోతుంది, అక్కడ ఎఫ్30 చాలు. అల్మారా పెట్టెకు వాడే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంచును మరో ప్లైవుడ్‌కు కలిపేటప్పుడు అదే మేకు రెండో చెక్కలోకి పన్నెండు మిల్లీమీటర్లే దిగుతుంది. ఆ పట్టు బరువైన పాత్రలు పెట్టే అరకు నిలవదు. అలాంటిచోట 50 మిల్లీమీటర్ల మేకు, ఫెవికాల్ వంటి జిగురు, బరువు మోసే కీళ్లలో స్క్రూలు కలిపి వాడవలసిందే. ఏ బ్రాడ్ మేకైనా జిగురుకు తోడే తప్ప దానికి బదులు కాదు.

గన్‌కు శక్తి ఎక్కడినుంచి రావాలన్నది తరువాతి ప్రశ్న. గాలితో నడిచే గన్ తేలిక, చవక, మరమ్మతుకు సులువు. అయితే కంప్రెసర్, గొట్టం వెంట ఉండాలి. బ్రాడ్ గన్ సాధారణంగా 60 నుంచి 100 పీఎస్ఐ పీడనంలో పనిచేస్తుంది కనుక, 24 లీటర్ల ట్యాంకున్న చిన్న కంప్రెసర్ ఇంటిపనికి ధారాళంగా చాలుతుంది. తీరప్రాంతపు తేమగాలిని అణచి నింపినప్పుడు అందులోని నీరు ట్యాంకు అడుగున చేరి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. పని ముగిశాక అడుగున ఉన్న వాల్వు విప్పి ఆ నీటిని వదిలేయడం రోజువారీ అలవాటు కావాలి. నూనె అవసరమైన గన్ అయితే గాలి గొట్టం బిగించే చోట రెండు మూడు చుక్కలు వేయడమూ అంతే. బ్యాటరీ గన్‌కు ఈ బాదరబందీ లేదు, కరెంటు పోయినా పని ఆగదు, కానీ బరువూ ధరా ఎక్కువ. అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిచ్చే బ్యాటరీ గన్ల విషయంలో ఒక చిక్కు గమనించాలి: అక్కడి ఛార్జర్ 120 వోల్టులకే తయారైనదైతే ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే పాడైపోతుంది; పైగా దానికి సరిపోయే మేకుల పట్టీలు దొరక్కపోతే గన్ బీరువాలో బొమ్మగా మిగులుతుంది. ఏ గన్ కొన్నా ముందు మేకులు ఎక్కడ దొరుకుతాయో చూసుకోవాలి. మింజూరులో దొరకని కొలతల కోసం రైలెక్కి చెన్నై బీచ్ స్టేషన్‌లో దిగి ప్యారీస్ కార్నర్ చుట్టూ ఉన్న దుకాణాలను ఆశ్రయించవచ్చు.

ఈ ప్రాంతంలో గన్ కన్నా మేకు లోహమే ఎక్కువ ఆలోచించదగినది. తూర్పున సముద్రం దగ్గరలోనే ఉంది. కాట్టుపల్లి తీరంలో 2010లో రోజుకు పది కోట్ల లీటర్ల సామర్థ్యంతో సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కర్మాగారం ప్రారంభమైంది. దశాబ్దాల పాటు భూగర్భజలాన్ని అతిగా తోడడంతో సముద్రపు ఉప్పు మింజూరు పరిసరాల బావుల్లోకి చొచ్చుకొచ్చిన సంగతి జలశాస్త్రవేత్తలు ఎన్నో అధ్యయనాల్లో నమోదు చేశారు. ఉప్పుగాలి ఒకవైపు, గడప కడిగే ఉప్పునీరు మరొకవైపు ఉన్నప్పుడు మామూలు ఉక్కు మేకు తుప్పుపట్టి ఉబ్బుతుంది, దానిమీద నింపిన పుట్టీ పగులుతుంది, రంగు మీద గోధుమ రంగు చుక్క తేలుతుంది. టానిన్ అనే పదార్థం ఎక్కువున్న తుమ్మ వంటి కలపలో ఇనుము తడితో కలిసి నల్లని మరక కూడా వదులుతుంది. గదుల లోపల, నీరు తగలని చోట జింకు పూత మేకులు చాలు. బ్రాడ్ మేకుల మీద ఆ పూత చాలా పలుచన కనుక గడపకూ కిటికీలకూ వంటింటి సింకు కిందికీ స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే వాడాలి. వాటికయ్యే అదనపు ఖర్చు, పాడైన బీడింగు ఊడదీసి మళ్లీ కొట్టించే కూలి ముందు చిన్నది.

గోడకు మేకు కొట్టే ఆశతో నెయిల్ గన్ కొనేవారూ ఉన్నారు. బ్రాడ్ గన్ అందుకు పనికిరాదు. ఎస్‌టి64 అనే రకం గన్ గట్టిపరచిన ఉక్కు మేకులను 64 మిల్లీమీటర్ల వరకు కొట్టి చెక్క రీపర్లను గోడకు బిగించగలదు. అయితే పాత సిమెంటు పూత పెళ్లలుగా రాలిపోయే అవకాశం, పూత కింద దాగిన వైరింగు పైపును మేకు చీల్చే ప్రమాదం ఉన్నాయి. పటాలు, అరలు తగిలించడానికి డ్రిల్లుతో రంధ్రం చేసి ప్లగ్గు, స్క్రూ పెట్టడమే మంచి పద్ధతి.

ట్రిగ్గర్ రకాన్ని దుకాణంలో అడిగేవారు అరుదు, కానీ ప్రమాదాలలో అత్యధిక తేడా దానివల్లే వస్తుంది. ఒక రకంలో ట్రిగ్గర్ నొక్కి పట్టి గన్ ముక్కును ఎక్కడ తాకించినా మేకు దూసుకొస్తుంది. రెండో రకంలో ముందు ముక్కును చెక్కకు ఆనించి, తరువాత ట్రిగ్గర్ నొక్కితేనే, అదీ ఒక్క మేకే, బయటికొస్తుంది. అమెరికా ప్రభుత్వ కార్మిక భద్రతా సంస్థలు 2011లో వెలువరించిన మార్గదర్శిని ప్రకారం మొదటి రకంతో గాయపడే ముప్పు రెండో రకం కన్నా రెట్టింపు. 2001–2005 మధ్య నెయిల్ గన్ గాయాలతో అక్కడ ఏటా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చినవారు సగటున సుమారు 37 వేల మంది, అందులో దాదాపు 40 శాతం ఇంటిపని చేసుకునేవారే. కనుక ఇంటికి రెండో రకమే కొనాలి. చెక్కలో ముడి తగిలితే సన్నని మేకు వంగి పక్కనుంచి బయటికి రాగలదు. అందువల్ల చెక్కను పట్టిన చేతిని మేకు దిగే చోటుకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఇరుక్కున్న మేకును తీసేముందు గాలి గొట్టాన్నో బ్యాటరీనో విప్పేయాలి. గన్‌కు ఎప్పుడూ ఆక్సిజన్ సిలిండరు తగిలించకూడదు, లోపలి నూనెతో కలిసి పేలిపోతుంది.

ఇక కిటికీలకు దోమల వల కొట్టడం ఒక్కటే పనైతే ఇవేవీ అక్కరలేదు. వలను చెక్క ఫ్రేముకు మేకు కన్నా స్టేపిల్ బాగా పట్టుకుంటుంది. చేతితో నొక్కే చిన్న స్టేపిల్ గన్, ఆరు నుంచి పది మిల్లీమీటర్ల కాళ్లున్న స్టెయిన్‌లెస్ స్టేపిళ్ల పెట్టె, ఒక మధ్యాహ్నం సమయం ఉంటే ఇంటి కిటికీలన్నీ అయిపోతాయి.