ఫోను కొనేముందు కెమెరాకు ఎంత విలువ కట్టాలి?

1997 జూన్ 11న అమెరికాలోని శాంతా క్రూజ్ పట్టణంలో, ప్రసూతి వార్డులో నిరీక్షిస్తున్న ఫిలిప్ కాన్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఒక డిజిటల్ కెమెరాను, ల్యాప్‌టాప్‌ను, సెల్‌ఫోనును తీగలతో జతపరిచాడు. అప్పుడే పుట్టిన తన కుమార్తె చిత్రాన్ని ఆ అమరిక ద్వారా వెంటనే బంధుమిత్రులకు పంపాడు. 2000లో జపాన్‌కు చెందిన షార్ప్ సంస్థ కెమెరా ఇమిడిన ఫోనును బజారులోకి తెచ్చింది. దాని చిత్రంలో ఉండేవి 1 లక్షా 10 వేల కణాలు మాత్రమే. నేడు మధ్యతరగతివారు కొనే ఫోన్ల పెట్టెల మీద సైతం '108 మెగాపిక్సెళ్ళు', అనగా 10 కోట్ల 80 లక్షల కణాలు అన్న ముద్ర కనిపిస్తుంది.

ఆ అంకెను చూసి ఫోను ఎంచుకునేవారు ఎందరో! అయితే నెల జీతంలో పెద్ద భాగాన్ని వెచ్చించి, నాలుగైదేళ్ళపాటు వాడదలచిన వస్తువును ఆ ఒక్క అంకెను నమ్మి కొనవచ్చునా?

పేరు గొప్ప, ఊరు దిబ్బ

ఛాయాచిత్రానికి ప్రాణం కాంతి. ఫోనులోని సెన్సర్ చిన్న గోరంత కూడా ఉండదు. ఆ కాస్త చోటును ఎన్ని కణాలుగా విభజిస్తే, ఒక్కొక్క కణానికి అందే వెలుతురు అంతగా తగ్గిపోతుంది. అందుచేతనే 48 మెగాపిక్సెళ్ళ కెమెరా సాధారణంగా నాలుగేసి కణాలను, 108 మెగాపిక్సెళ్ళ కెమెరా తొమ్మిదేసి కణాలను ఒకటిగా కలిపి, చివరకు 12 మెగాపిక్సెళ్ళ చిత్రాన్నే మనకు అందిస్తుంది.

అది తక్కువేమీ కాదు. ఏ-4 కాగితంపై స్పష్టంగా అచ్చు వేయడానికి సుమారు 87 లక్షల కణాలు చాలు. మనం నిత్యం చూసే ఫోను తెరమీద ఉండేవి దాదాపు 26 లక్షలే.

చౌకరకం ఫోన్ల వెనుక మూడు నాలుగు కటకాలు మెరుస్తూ ఉంటాయి. వాటిలో ఒకటి రెండు కేవలం 2 మెగాపిక్సెళ్ళవి కావడం కద్దు. వాటి సంఖ్యకన్నా సెన్సర్ పరిమాణం, చేతి వణుకును సరిదిద్దే కటక స్థిరీకరణ ముఖ్యం. సెన్సర్ పరిమాణాన్ని 1/1.5, 1/3 వంటి భిన్నాలలో చెబుతారు. హారం చిన్నదైనకొద్దీ సెన్సర్ పెద్దదని గ్రహించాలి.

పెట్టెమీద కనిపించనివి

2016లో యూపీఐ వచ్చిన తరువాత మన దేశంలో ఫోను డబ్బుసంచిగా కూడా మారింది. తయారీదారు భద్రతా సవరణలు పంపడం మానివేసిన ఫోను, తాళం వదులైన ఇనప్పెట్టె వంటిది. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ళపాటు సవరణలు ఇస్తామని వాగ్దానం చేశాయి. చౌక ఫోన్లలో ఈ గడువు చాలా తక్కువగా ఉండవచ్చు. కొనేముందు అడిగి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే.

రెండవది బ్యాటరీ. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, 800 సార్లు పూర్తిగా ఛార్జి చేసిన తరువాత కూడా బ్యాటరీ తన తొలి శక్తిలో కనీసం 80 శాతం నిలుపుకోవాలి. మనకూ అది మంచి కొలబద్దే.

మూడవది నిల్వ సామర్థ్యం. మేలిరకం వీడియో ఒక్క నిమిషానికే వందల మెగాబైట్లు ఆక్రమిస్తుంది. గొప్ప కెమెరా, ఇరుకు జ్ఞాపకశక్తి ఒకే ఫోనులో పొసగవు.

ఎవరి అవసరం వారిది

ఇంతమాత్రాన కెమెరా అనవసరమని కాదు. పోచంపల్లిలో నేసిన చీరను దూరప్రాంతపు కొనుగోలుదారుకు ఫోనులోనే చూపించే నేతగానికి, రంగును ఉన్నదున్నట్లు పట్టే కెమెరా జీవనాధారం. తెగులు సోకిన ఆకును ఫొటో తీసి సలహా కోరే రైతుకు, దగ్గరి వస్తువు స్పష్టంగా కనబడాలి. అనువాదమే వృత్తిగా గల నాకు, గ్రంథాలయం దాటి రాని పాత పుస్తకాల పుటలను మసక వెలుతురులో చిత్రించుకోవడం తరచు అవసరమవుతుంది. దూరపు కొండలను దగ్గరకు లాగే కటకంతో నాకు పనిలేదు. పుట అంచులలోని చిన్న అక్షరాలు చెదరకుంటే చాలు. ఒంటరిగా ఉండే వృద్ధులకో, గట్టిగా వినిపించే స్వరం, పెద్ద అక్షరాలు, రాత్రిదాకా నిలిచే బ్యాటరీ కావాలి. ఆపదవేళ మోగని ఫోనులో ఎంత చక్కని కెమెరా ఉండి ఏం ప్రయోజనం?

దుకాణంలో మూడు పరీక్షలు చేయండి. వార్తాపత్రికలోని సన్నని అక్షరాలను, నడుస్తున్న మనిషిని, గదిలో వెలుతురు తక్కువగా ఉన్న మూలను ఫొటో తీయండి. వాటిని పెద్దవి చేసి చూడండి.

అంతకుముందు ఇంటివద్ద మరొక పని చేయండి. గడచిన వారంలో ఫోనుతో చేసిన పనులన్నీ ఒక కాగితంపై వ్రాయండి. మాటలు, చెల్లింపులు, చదువు, చిత్రాలు — వీటిలో ఏది ఆగిపోతే మీ దినచర్య స్తంభిస్తుందో, మీ డబ్బు ముందుగా దానికే చెందాలి. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలన్న మన పెద్దల మాట ఫోను కొనుగోలుకు కూడా చక్కగా వర్తిస్తుంది.