డొల్ల పలికిన టైలు

షోలాపూర్ మిల్లులో ముప్పై ఏండ్లు మగ్గం నడిపిన చేతులు, బాత్రూంలో టైలు అతికించలేవా అనుకున్న. నున్నటి నేల మీద మా ఇంటామె జారి పడ్డంక, గరుకు పోర్సిలిన్ టైల్స్ తెచ్చి నేనే మొదలుపెట్టిన. మేస్త్రీలను చూసిన గుర్తుతో సిమెంటు పాలు పూసి అతికించిన. వారానికే తడితే డొల్ల శబ్దం! పోర్సిలిన్ నీళ్లు పీల్చేది చాలా తక్కువ, ఉట్టి సిమెంటు దాన్ని గట్టిగ పట్టదు. తెగిన పోగును వదిలేస్తే బట్టంతా పాడు కదా! అన్నీ ఊడదీసిన. టైల్ గమ్మును పళ్ల తాపీతో గీతలుగా పరిచి, 2 మిల్లీమీటర్ల సందు వదిలి మళ్లీ వేసిన.

మీరు వేస్తే, ముందే చెంబెడు నీళ్లు పోసి వాలు జాలి వైపు ఉందా చూసుకోండి. ఒక రోజు ఆరినాకే సందులు నింపండి.

ఇప్పుడు ఇంటామె గోడ పట్టుకోకుండా నడుస్తున్నది.