‘మెషీన్ హెడ్’ ఆల్బమ్: నిర్మాణం, స్వీకరణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంగ్లండుకు చెందిన డీప్ పర్పుల్ బృందం 1971 డిసెంబరులో రికార్డు చేసి, 1972 మార్చిలో విడుదల చేసిన ‘మెషీన్ హెడ్’ హార్డ్ రాక్ సంగీతచరిత్రలో ప్రధానమైన ఆల్బమ్. దాని నిర్మాణక్రమాన్ని, శ్రోతలు దాన్ని స్వీకరించిన తీరును పరిశీలించి, కర్తలు తమ కృతికి కట్టిన విలువకూ శ్రోతలు కట్టిన విలువకూ మధ్య ఏర్పడిన దూరాన్ని వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హార్డ్ రాక్, డీప్ పర్పుల్, ధ్వనిముద్రణ, రిఫ్, స్వీకరణ.

1. ఉపోద్ఘాతం:
ధ్వనిముద్రిత సంగీతాన్ని అధ్యయనం చేసేటప్పుడు స్వరకర్త, గాయకుడు, వాద్యకారుల మీదనే సాధారణంగా దృష్టి నిలుస్తుంది. ఆ సంగీతం ఏ గదిలో, ఏ పరికరాలతో, ఎటువంటి పరిస్థితుల్లో నమోదైందన్న ప్రశ్న మరుగున పడుతుంది. రాక్ సంగీతంలో ఈ ప్రశ్నను విస్మరించటం కష్టం. ఇక్కడ రచన చాలావరకు టేపు మీదనే పూర్తవుతుంది. విద్యుత్ గిటారు, బిగ్గరగా మోగే డ్రమ్స్, ‘రిఫ్’ అని పిలిచే ఆవృత్త స్వరపదబంధం ప్రధానంగా సాగే హార్డ్ రాక్‌లో గది ప్రతిధ్వని సైతం పాటలో భాగమవుతుంది. ఈ విషయాన్ని నిరూపించటానికి ‘మెషీన్ హెడ్’ తగిన ఉదాహరణ.

2. పూర్వరంగం:
డీప్ పర్పుల్ 1968లో ఏర్పడింది. 1969లో ఇయాన్ గిల్లన్ గాయకుడిగా, రోజర్ గ్లోవర్ బేస్ గిటారిస్టుగా చేరటంతో బృందానికి స్థిరమైన రూపం వచ్చింది. రిచీ బ్లాక్‌మోర్ గిటారు, జాన్ లార్డ్ ఆర్గాన్, ఇయాన్ పైస్ డ్రమ్స్ వాయించేవారు. 1970లో వచ్చిన ‘ఇన్ రాక్’ వీరికి గుర్తింపు తెచ్చింది. తరువాతి ఆల్బమ్ ‘ఫైర్‌బాల్’ను కచేరీ పర్యటనల మధ్య దొరికిన విరామాల్లో ముక్కలు ముక్కలుగా రికార్డు చేయవలసి వచ్చింది. వేదిక మీద తమ వాదనలో ఉండే ఉద్ధృతి స్టూడియోలో అందటం లేదన్న అసంతృప్తి బృందంలో మిగిలింది.

దీనికి పరిష్కారంగా స్టూడియోను వదిలి, కచేరీ వేదిక మీదనే కొత్త ఆల్బమ్‌ను రికార్డు చేయాలని నిర్ణయించారు. స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంత్రో పట్టణపు కాసినోను ఎంచుకున్నారు. శీతాకాలంలో కాసినో మూతపడుతుంది కనుక అందులోని రంగస్థలం ఖాళీగా దొరుకుతుంది. రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన సంచార స్టూడియోను, అంటే రికార్డింగు యంత్రాలు అమర్చిన లారీని, అద్దెకు తీసుకున్నారు. మాంత్రో జాజ్ ఉత్సవ స్థాపకుల్లో ఒకరైన క్లాడ్ నాబ్స్ స్థానికంగా సహకరించారు.

3. అగ్నిప్రమాదం, స్థలాన్వేషణ:
1971 డిసెంబరు 4న అదే కాసినోలో ఫ్రాంక్ జాపా, ఆయన మదర్స్ బృందం కచేరీ జరిగింది. డీప్ పర్పుల్ సభ్యులు కూడా హాజరయ్యారు. కచేరీ మధ్యలో ప్రేక్షకుల్లో ఒకరు సంకేతకాంతి తుపాకీ పేల్చటంతో పైకప్పుకు నిప్పంటుకుంది. ప్రేక్షకులను బయటికి చేర్చటంలో నాబ్స్ స్వయంగా పాల్గొన్నారు. ప్రాణనష్టం తప్పింది, భవనం మాత్రం కాలిపోయింది. సరస్సు మీదుగా పొగ వ్యాపించటాన్ని బృందం తాము బస చేసిన హోటల్ నుంచి చూసింది.

లారీ సిద్ధంగా ఉన్నా వాయించటానికి చోటు లేదు. నాబ్స్ సాయంతో మొదట పెవిలియన్ అనే రంగశాల దొరికింది. అక్కడ రాత్రివేళ ఒక బాణీని రికార్డు చేస్తుండగా, శబ్దం భరించలేక ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు, పోలీసులు వచ్చారు. రికార్డింగు పూర్తయ్యేదాకా సిబ్బంది తలుపులు మూసిపట్టుకున్నారు. ఆ ఒక్క బాణీతో పెవిలియన్ వదలవలసి వచ్చింది.

చివరికి శీతాకాలానికి మూసివేసిన గ్రాండ్ హోటల్ ఆశ్రయమైంది. అక్కడి నడవాలో వాద్యాలను అమర్చి, ప్రతిధ్వనిని అదుపు చేయటానికి పరుపులను అడ్డుగా నిలిపారు. బయట నిలిపిన లారీ వరకు తీగలు లాగారు. రికార్డు చేసినది వినాలంటే గదులు, బాల్కనీలు, మంచు దాటి లారీ వరకు వెళ్లాలి. ఆ శ్రమ భరించలేక, ప్రతిసారీ విని సరిచూసుకొనే అలవాటును బృందం చాలావరకు మానుకుంది. వాద్యకారులు తమ వాదనను అక్కడికక్కడే నమ్మవలసి వచ్చింది. వేదిక దొరకకపోయినా వేదిక మీది స్వభావం ఆల్బమ్‌లోకి వచ్చిందంటే, అందులో ఈ అసౌకర్యానికీ పాత్ర ఉంది. మార్టిన్ బర్చ్ సౌండ్ ఇంజనీరుగా పనిచేయగా, సుమారు 37 నిమిషాల నిడివిగల ఏడు పాటలు డిసెంబరు 21 నాటికి సిద్ధమయ్యాయి.

4. వాద్యధ్వని లక్షణాలు:
హామండ్ ఆర్గాన్‌ను సాధారణంగా లెస్లీ అనే తిరిగే స్పీకరు ద్వారా వినిపిస్తారు. లార్డ్ దాన్ని గిటారుకు వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌కు కలిపి గరుకుధ్వనిని రాబట్టారు. దీనివల్ల ఆర్గాన్ గిటారుకు నేపథ్యంగా ఉండిపోక, సమానబలంతో పోటీపడింది. ‘హైవే స్టార్’ పాటలో ఈ రెండు వాద్యాల ఏకాంత ఆలాపనలు ఒకదానికొకటి జవాబుగా వస్తాయి. వాటి స్వరగతుల్లో బాహ్ వంటి పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్తల ప్రభావం స్పష్టం.

‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్ ఇందుకు భిన్నంగా అతి సరళం. కర్ణాటక సంగీత పరిభాషలో చెబితే, పై స్వరాలు మొదట షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. రెండో పాదంలో శుద్ధ మధ్యమానికి ముందు ప్రతి మధ్యమం వచ్చి పోతుంది. మూడో పాదం మధ్యమం నుంచి గాంధారం మీదుగా షడ్జమానికి దిగుతుంది. మొత్తం పన్నెండు మీటులు. ప్రతి స్వరానికీ కింద నాలుగో స్వరస్థాయి జోడుగా మోగుతుంది. రెండు మధ్యమాలు పక్కపక్కనే రావటం బ్లూస్ సంప్రదాయపు ఛాయ. గిటారు ఒంటరిగా మొదలుపెట్టిన ఈ పదబంధంలోకి ఆర్గాన్, డ్రమ్స్, బేస్ క్రమంగా చేరతాయి.

5. బాణీ, సాహిత్యం – పౌర్వాపర్యం:
ఈ పాట అగ్నిప్రమాదం నుంచి పుట్టిందన్న ప్రసిద్ధ వాదం సగమే నిజం. పెవిలియన్‌లో రికార్డయిన బాణీ ఇదే. అప్పటికి దానికి పేరు గాని మాటలు గాని లేవు. పాట పేరు ప్రమాదం జరిగిన కొద్దిరోజులకు నిద్ర నుంచి మేల్కొంటున్న గ్లోవర్‌కు స్ఫురించింది. మత్తుపదార్థాల పాటగా పొరబడతారేమోనన్న సందేహం మొదట ఉన్నా, తరువాత గిల్లన్, గ్లోవర్ కలిసి మాంత్రో అనుభవాన్నే సాహిత్యంగా రాశారు. కాసినో, నాబ్స్, సంచార స్టూడియో, గ్రాండ్ హోటల్ అన్నీ అందులో ప్రస్తావనకు వస్తాయి. కాబట్టి బాణీలో మంటల వర్ణనను వెదకటం సరికాదు. బాణీకి వస్తువు తరువాత సమకూరింది. శ్రోతల మనసులో మాత్రం రెండూ విడదీయరానివయ్యాయి.

6. స్వీకరణ:
ఆల్బమ్ బ్రిటనులో ప్రథమస్థానానికి, అమెరికాలో ఏడో స్థానానికి చేరింది. రోలింగ్ స్టోన్ పత్రికలో విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ సంగీతబలాన్ని మెచ్చుకుంటూనే, కొన్ని పాటల సాహిత్యం అంతటి స్థాయిలో లేదన్నారు.

బృందం సింగిల్‌గా ఎంచుకున్నది ‘నెవర్ బిఫోర్’ పాటను. అది బ్రిటనులో పెద్దగా ఆదరణ పొందలేదు. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ మీద వారికి అంతటి ఆశ లేదు. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యో కచేరీల్లో రికార్డు చేసిన ‘మేడ్ ఇన్ జపాన్’ ఈ స్థితిని మార్చింది. జపాను విపణి కోసమే ఉద్దేశించిన ఆ ఆల్బమ్ ఇతర దేశాల్లోనూ విడుదలై విజయం సాధించింది. అందులోని ఏడు పాటల్లో నాలుగు ‘మెషీన్ హెడ్’వే. 1973లో అమెరికాలో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ సింగిల్‌గా వచ్చి నాలుగో స్థానానికి చేరింది. అప్పటికి మూల ఆల్బమ్ వెలువడి ఏడాది దాటింది. అదే ఏడాది జూన్‌లో గిల్లన్, గ్లోవర్ బృందాన్ని వీడారు. పాటకు పేరు వచ్చేనాటికి దాన్ని సృష్టించిన కూటమి చెదిరిపోయింది.

తరువాతి తరాల్లో గిటారు నేర్చుకొనేవారు తొలిదశలో సాధన చేసే రిఫ్‌గా ఇది స్థిరపడింది. కొద్ది స్వరాలతో ముగియటం, ఒక్కసారి విన్నా గుర్తుండటం ఇందుకు కారణాలు.

7. ముగింపు:
‘మెషీన్ హెడ్’ చరిత్ర పరిశోధకులకు రెండు జాగ్రత్తలు చెబుతుంది. కృతి వెనుక ఉన్న సంఘటన ఎంత ప్రసిద్ధమైనా, ఏ అంశం ముందు పుట్టిందో తేల్చకుండా దాన్నే కృతికి కారణంగా చెప్పరాదు. కర్త తన రచనకు ఇచ్చిన స్థానం ఒక ఆధారం మాత్రమే, తుదితీర్పు కాదు. స్టూడియో వదిలి వేదిక కోసం వెళ్లినవారికి హోటల్ నడవా దక్కింది. వారు పక్కన పెట్టిన పాటను శ్రోతలు ముందుకు తెచ్చారు. ఈ రెండు పరిణామాలనూ కలిపి చదివినప్పుడే ఈ ఆల్బమ్‌కు సంగీతచరిత్రలో దక్కిన స్థానం అర్థమవుతుంది.