గాజులో బిగిసిన జింకు



నాట్లు వేసిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య కొన్ని వరిమళ్లలో ఆకుల మీద తుప్పురంగు మచ్చలు వస్తాయి. పైరు పిలకలు వేయక గిడసబారుతుంది. ఆకును వంచితే పెళుసుగా విరుగుతుంది. యిది తెగులు కాదు, జింకు లోపం. ఉత్తరాదిన ఖైరా అని పిలిచే యీ జబ్బుకు కారణం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో డాక్టర్ నేనె తేల్చి చెప్పారు.

యీ లోపానికి వాడే యెరువుల్లో జింకు ఫ్రిట్ ఒకటి. అంటే యేమిటి? జింకును కలిపి కరిగించిన గాజు పొడి అన్నమాట.

జింకు ఆక్సైడు తెల్లటి పొడి. దాన్ని ఒక్కదాన్నే కరిగించాలంటే దాదాపు 1,975 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. సన్నని యిసుకపిండి, బొరాక్సు, సోడా కలిపితే అంతకంటె చాలా తక్కువ వేడికే అంతా కరిగి పాకమవుతుంది. ఆ పాకాన్ని మెల్లగా చల్లారనిస్తే లోపలి అణువులు వరుసలు తీరి, పటికబెల్లంలాగా పలుకులు కట్టవచ్చు. చన్నీళ్లలో పోస్తే వరుసకట్టే వ్యవధి వుండదు; ఉన్నవి ఉన్నట్లే బిగుసుకుపోయి గాజు అవుతుంది. వేరుశనగ ఉండలకు పాకం చూసేటప్పుడు నీళ్లగిన్నెలో వేసిన చుక్క గట్టిపడి టక్కున విరగడం మన యిళ్లలో చూసేదే గదా! ఫ్రిట్ కూడా నీళ్లలో పడగానే ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని మెత్తగా విసురుతారు.

జింకు సల్ఫేటు నీళ్లలో వెంటనే కరుగుతుంది. గాజులోని జింకు అలా కాదు. నేలలోని ఆమ్లం కొద్దికొద్దిగా తింటేనే బయటికొస్తుంది. వాన యెక్కువపడే ఆమ్లపు యిసుకనేలల్లో యిది మంచి గుణమే, తొందరగా కొట్టుకుపోదు. కాని జింకు లోపం తరచు కనిపించే సున్నపు నేలల్లో, క్షారపు నేలల్లో ఆ గాజు సరిగా కరగదు. పొడి ముతకగా వుంటే మరీ కష్టం.

అటువంటి మళ్లకు జింకు సల్ఫేటే మేలు. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు, మూడు పంటలకొకసారి వేయండి. భాస్వరపు యెరువుతో మాత్రం కలపవద్దు. లోపం పైరుమీద కనబడితే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, అయిదేసి రోజుల యెడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి.

సంచి మీద జింకు శాతం చూసి తృప్తిపడకండి. అది యే రూపంలో వుందో, మీ నేలలో కరిగేదో కాదో అడిగి తెలుసుకోండి. కరగని జింకు పైరుకు అందదు.