ఇంటిగోడ – ఊరిమాట



ఇల్లు కట్టవలెనను తలంపు పుట్టిననాటినుండి మన యిండ్లలో జరుగు సంభాషణ మీకందఱకును తెలిసినదే. వంటయిల్లు ఆగ్నేయమునకు వచ్చునా, దేవతార్చనగది యెచ్చట నుంచవలెను, సింహద్వార మెటు పెట్టవలెను అని నెలల తరబడి చర్చింతుము. పంచాంగము చూపింతుము. శంకుస్థాపనకు ముహూర్తము పెట్టింతుము. కాని “పంచాయతీవారి యనుమతి వచ్చినదా?” యని యడుగు గృహిణి నూటికొకతెయు కానరాదు. అది మగవారి పని యనియు, కచేరీకాగితమనియు తలంచి యూరకుందుము. మేమును మొన్నమొన్నటి వఱకు అట్లే యుంటిమి. ఆ యూరకుండుట యెంత పొరపాటో మాకు తెలిసివచ్చిన విధమును, పిమ్మట మేము చదివి తెలిసికొనిన సంగతులును మీకు మనవి చేయుచున్నాము.

మా యింటివారు ఉపాధ్యాయులు. మేమున్న గ్రామము మిక్కిలి పెద్దదియు కాదు, మిక్కిలి చిన్నదియు కాదు. మా వీథి పడమటి మెఱకనుండి తూర్పు పల్లమునకు దిగును. వానకాలమున నీరంతయు మురుగుకాలువవెంట పోయి ఊరిచివర బోదెలో కలియవలెను. కొన్నియేండ్లుగా అది కలియుట మానినది. మయసభలో నేల యేదో నీరేదో తెలియక సుయోధనుడు తడబడినట్లు భారతమున చదువుకొంటిమి. ఆషాఢశ్రావణములందు మా వీథిలో అందఱకును ఆ యవస్థయే.

రెండేండ్ల క్రిందట వీథిచివరి ఖాళీస్థలమున ఒకరు మేడ కట్టుటకు పంచాయతీకి దరఖాస్తు పెట్టుకొన్నారని తెలిసినది. “ఆ గోడ లేచినచో మన నీటికి దారి యుండదు వదినగారూ! మీరు చదువుకొన్నవారు, ఒక ఆక్షేపణపత్రము వ్రాయుడు” అని యిరుగుపొరుగు స్త్రీలు మా యింట చేరిరి. మేమును మిక్కిలి యుత్సాహముతో వ్రాసితిమి. పొందికైన మాటలు కూర్చి, పదునేడుగురిచేత వ్రాళ్లు పెట్టించి పంపితిమి.

వారము దినములకు పంచాయతీ కార్యదర్శి టేపు తీసికొని వచ్చెను. ఆయన వీథిచివరకు పోలేదు. మొదటినుండియే కొలువసాగెను. పటములో వీథి వెడల్పు ఇరువది యడుగులు. మా యింటియెదుట టేపు పట్టినపుడు పదునాఱడుగులే వచ్చినవి! మా మామగారినాడు ముందుకు జరిపి కట్టిన అరుగును, మేము వేయించుకొన్న సిమెంటుమెట్లును కాలువను బొత్తిగా కప్పివేసి వీథిలోనికి వచ్చియున్నవి. ప్రక్కయింటి మెట్లును అట్టివే. ఆక్షేపణపత్రముపై వ్రాళ్లు పెట్టిన పదునేడుగురిలో పదునొకండుగురి మెట్లు కాలువమీదనే తేలినవి. మేడ కట్టదలచిన వారి ప్లాను మాత్రము తమ హద్దునకు మూడడుగులు లోపలనే గీయబడియున్నది.

ఆనాటి సిగ్గు చెప్పనలవి కాదు. కార్యదర్శి యేమియు ననక కొలతలు వ్రాసికొని పోయెను. తరువాతి సమావేశమున ఆ కొలతలు చదివి, కాలువకు అడ్డు రాగూడదను షరతుతో మేడకు అనుమతి యిచ్చిరి. కాలువమీది కట్టడములు తీసివేయవలెనని మా పదునొక్క యిండ్లకును నోటీసు లిచ్చిరి. వ్రాసినవారము మేమే గనుక ముందుగా మా మెట్లే కొట్టించితిమి. సాయంకాలమున ఆ యరుగుమీద కూర్చుండుట మా అత్తగారికి నలువదియేండ్ల యలవాటు. గునపపు చప్పుడు వినలేక ఆమె లోనికి పోయి రెండుదినములు మాతో మాటాడలేదు. మూడవనాడు గడపలోపల పీట వేసికొని కూర్చుండిరి. ఆ తరువాతి వానకు మా గుమ్మమునొద్ద నీరు నిలువలేదు. మఱి యందఱును తీసిరా యందురేమో! నలుగురింకను తీయలేదు. వారి గుమ్మములయొద్ద ఇప్పటికిని నీరు నిలుచుచునే యున్నది.

నాటినుండి, అనుమతి యనగా రుసుము కట్టి తెచ్చుకొను చీటి మాత్రమే కాదని మాకు తోచినది. గోడ మనదే, స్థలము మనదే, సొమ్ము మనదే. అయినను గోడకు ఆవల దారి యున్నది, దారిప్రక్క కాలువ యున్నది, కాలువకు క్రింద మఱియొకరి పెరడున్నది. గోడ లేవకమునుపే ఆ మువ్వురి మాటయు వినుటకు ఏర్పడినదే యీ దరఖాస్తు. లేచిన పిదప వినుట యెంత కష్టమో మా యరుగే చెప్పును.

ఆంధ్రప్రదేశమున 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమును, తెలంగాణమున 2018 నాటి చట్టమును అమలులో నున్నవి. రెండిటి ప్రకారమును గ్రామములో ఇల్లు కట్టుటకు పంచాయతీ యనుమతి కావలెను. పెద్ద కట్టడములకును, పొలమును ఇండ్లస్థలములుగా విభజించు లేఅవుటులకును పట్టణ గ్రామ ప్రణాళికాశాఖవారి సాంకేతికామోదము కూడ నుండవలెను. ఉమ్మడి రాష్ట్రమున 2002లో చేసిన నిబంధనలు, లేఅవుటులో నూటికి పదిపాళ్లు ఖాళీస్థలము విడువవలెననియు, దానిని బాటలతో సహా పంచాయతీకి వ్రాసి యీయవలెననియు విధించినవి. పిల్లలాడుకొను చోటును, బండి తిరుగు బాటయు ఆ పదిపాళ్లలోను ఆ బాటలలోను ఉన్నవి. కొందఱు వర్తకులు వానిని గూడ ముక్కలు చేసి యమ్ముదురు. మెడలోని గొలుసు విప్పియిచ్చి స్థలము కొనిపించిన యిల్లాలు, అనుమతిపొందిన పటము చూపుడని ముందే యడిగియుండిన నష్టపడదు గదా! 2020లో తెలంగాణ ప్రభుత్వము అనుమతిలేని లేఅవుటుల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు కోరినపుడు, లక్షలకొలది కుటుంబములవారు మరల రుసుములకు సిద్ధపడవలసి వచ్చెను.

ఈ పద్ధతి మన దేశమునకే చెల్లినది కాదు. ఆంగ్లదేశమున 1947లో పట్టణ గ్రామ ప్రణాళికాచట్టము చేయబడి, 1948 జూలై 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. నాటినుండి అచ్చట పొలము తనదైనను అందు ఇల్లు కట్టుటకు స్థానికమండలి యనుమతి పొందవలెను. దరఖాస్తు రాగానే ప్రకటన చేయుదురు. ఇరుగుపొరుగువారు అభిప్రాయము తెలుపుటకు సాధారణముగా 21 దినముల గడువిత్తురు. గ్రామమండలియు తన మాట చెప్పును గాని, నిర్ణయము సామాన్యముగా దానిపై మండలిది. చిన్న దరఖాస్తులను 8 వారములలో తేల్చవలెనని నియమము. నిరాకరించినచో కారణములు వ్రాసియీయవలెను. మాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. “మా కిటికీనుండి కనబడు అందమైన దృశ్యము పోవును”, “మా యింటి ధర తగ్గును” అను ఆక్షేపణలను అచ్చట లెక్కచేయరు. దారి, వెలుతురు, మురుగునీరు, చుట్టుప్రక్కలవారి సౌకర్యము మున్నగునవే లెక్కకు వచ్చును.

ఆ దేశమున జరిగిన యొక వింత వినుడు. సర్రే ప్రాంతమున సాల్‌ఫర్డ్స్ అను గ్రామముచెంత ఒక రైతు, అనుమతి లేకయే తన పొలములో కోటవంటి యిల్లు బురుజులతో సహా కట్టెను. ఎవరికిని కనబడకుండుటకై చుట్టును ఎత్తుగా గడ్డికట్టలు పేర్చి, టార్పాలిను గుడ్డలు కప్పెను. నాలుగేండ్లవఱకు ఎవరును అభ్యంతరము చెప్పనిచో కట్టడము నిలుచునని అప్పటి చట్టమున ఒక నియమముండెను. ఆ నాలుగేండ్లును కుటుంబముతో గడ్డివాములచాటున కాపురము చేసి, 2006లో గడ్డి తీసివేసెను. స్థానికమండలివారు 2007లో ఇల్లు కూల్చుమని ఉత్తరు విచ్చిరి. గడ్డి తీయుటయు కట్టడపుపనిలో భాగమే గనుక నాలుగేండ్ల గడువు నిండలేదని తేలినది. 2010లో ఉన్నతన్యాయస్థానమును అట్లే తీర్పు చెప్పెను. 2016లో ఆ కోట నేలమట్టమైనది. తరువాత చట్టమును గట్టిచేసిరి. 2024నుండి ఆ గడువు పదేండ్లైనది. నలుగురికి చెప్పి కట్టిన పూరిల్లు నిలుచును గాని, దాచి కట్టిన కోట నిలువదని యిందువలన తెలియుచున్నది.

ఇల్లు కట్టువారు దాచుట ఒక దోషమైనచో, అనుమతి యిచ్చువారు ముందుగా ఆలోచింపకుండుట మఱియొక దోషము. దానికి మన పొరుగున కేరళమే యుదాహరణము. పాలక్కాడు జిల్లాలోని ప్లాచిమడ యను పల్లె పెరుమట్టి గ్రామపంచాయతీలోనిది. అచ్చట శీతలపానీయముల కర్మాగారము పెట్టుటకు 2000 సంవత్సరమున హిందూస్థాన్ కోకాకోలా సంస్థకు పంచాయతీవారు అనుమతి యిచ్చిరి. కొంతకాలమునకు బావులలో నీరు తగ్గినదనియు, ఉన్న నీరు త్రాగుటకును వండుటకును పనికిరాకున్నదనియు పల్లెవారు మొఱపెట్టిరి. ఆ దోషము తమది కాదని సంస్థవారు చెప్పిరి. ఎవరు చెప్పినది నిజమైనను, బిందె చంకనెత్తుకొని దూరము నడచినవారు స్త్రీలే గదా! మయిలమ్మ యను గిరిజనస్త్రీ ముందు నిలువగా 2002 ఏప్రిలునుండి వారు కర్మాగారమునెదుట దీక్ష పూనిరి. 2003 ఏప్రిలున, అనుమతి యిచ్చిన పంచాయతీవారే దానిని పునరుద్ధరింపమని తీర్మానించిరి. వ్యాజ్యము న్యాయస్థానములకెక్కెను. 2003 డిసెంబరున ఒక న్యాయమూర్తి భూగర్భజలము ప్రజలదని తీర్పు చెప్పగా, 2005లో ఇద్దఱు న్యాయమూర్తులు వేఱుగా తీర్పు చెప్పిరి. ఇంతలో 2004 మార్చినందే ఉత్పత్తి నిలిచిపోయినది. 2017లో సంస్థవారు మరల తెఱువదలచుకొనలేదని సుప్రీంకోర్టునకు విన్నవించిరి. మయిలమ్మ 2007లోనే కీర్తిశేషురాలైనది. మొదటినాడే, “ఈ కర్మాగారమునకు దినమునకెంత నీరు కావలెను? ఆ నీరెచ్చటిది?” యని యొక యిల్లాలు పంచాయతీ సమావేశమున నిలిచి యడిగియుండినచో, ఇన్నియేండ్ల శ్రమ తప్పియుండునేమో!

అడుగుటకు మనకు చోటు లేకపోలేదు. ఊరిలో ఓటుహక్కు గలవారందఱును గ్రామసభ సభ్యులే. రాజ్యాంగపు 73వ సవరణము 1993 ఏప్రిల్ 24వ తేదినుండి అమలులోనికి వచ్చి, పంచాయతీలందు మూడవవంతు స్థానములు స్త్రీల కిచ్చినది. మన రెండు రాష్ట్రములందును అది సగమునకు పెరిగినది. అయినను పెక్కుచోట్ల సర్పంచి సంతకము చేయును, ఆమె భర్త కుర్చీలో కూర్చుండును. మనము సభకు పోయి ఆమెనే సంబోధించి ప్రశ్నింతుమేని, కుర్చీ కొంతకైనను ఆమెది కాకపోదు. నోటితో అడుగుటకు బిడియపడువారు వ్రాసి యడుగవచ్చును. 2005 నాటి సమాచారహక్కుచట్టము ప్రకారము, ఏ స్థలమునకు ఏ షరతులతో అనుమతి యిచ్చిరో నకలు కోరవచ్చును. 30 దినములలో బదులీయవలెను. ఆంధ్రప్రదేశమున గ్రామస్థాయి కార్యాలయములందు ఆ దరఖాస్తునకు రుసుము కూడ లేదు.

ఒక్క మనవి. ఆక్షేపణ యనునది చేతిలోని కత్తిపీటవంటిది. కూర తఱుగుటకు దానిని పట్టవలెను గాని, పొరుగువారి మీదికి ఎత్తరాదు. వారు మనకంటె ఒక అంతస్తు ఎక్కువ కట్టుచున్నారను కంటగింపు ఆక్షేపణ కాదు. వారి కులము మనకు నచ్చకపోవుట అంతకంటెను కాదు. భర్తను కోల్పోయిన యొక పేదరాలు రెండుగదులు వేసికొనుటకు పెట్టుకొన్న దరఖాస్తును, చుట్టముల ఆకాశరామన్నయుత్తరమువలన ఆఱునెలలు త్రొక్కిపట్టుట మేము కన్నులార చూచితిమి. దారి, కాలువ, బావి, చెఱువు, నిప్పంటుకొన్న బండి వచ్చుటకు చోటు – వీనికి హాని కలుగునెడల తప్పక వ్రాయుడు. పేరు పెట్టి వ్రాయుడు. వ్రాయుటకు ముందు మన మెట్లు కొలిచికొనుడు.

వీథిచివరి మేడ పూర్తియైనది. గృహప్రవేశమునకు మమ్మును పిలిచిరి. ఆక్షేపణ వ్రాసిన చేతితో పసుపుకుంకుమలందుకొనుటకు సంకోచించుచు పోతిమి. ఆ యిల్లాలు తాంబూలమిచ్చుచు, “మీరు వ్రాసినందువలననే గదా అక్కయ్యగారూ కాలువ తెఱచిరి! మా పెరటినీరును పోవుచున్నది” అనినది. తిరిగివచ్చి మా అత్తగారికి ఆ మాట చెప్పితిమి. ఆమె కొంతసేపూరకుండి, “వచ్చే గ్రామసభ యెప్పుడు?” అని యడిగిరి. ఆ నాలుగిండ్లవారి మెట్ల సంగతి తామే లేచి యడుగుదురట.